గోధుమ చేల నడుమ ఒక చిన్న మస్జిదు

ఉత్తర అమెరికా ఖండం నడిమధ్యన, కెనడా సరిహద్దుకు ఆనుకొని నార్త్ డకోటా అనే రాష్ట్రం ఉంది. దాని వాయవ్య భాగంలో మౌంట్‌రెయిల్ కౌంటీ, ఆ కౌంటీలో రాస్ అనే ఊరు. జనాభా దాదాపు వంద. మన జిల్లాలలో అయితే ఇంత చిన్న జనావాసాన్ని ఊరు అనరు, శివారు పల్లె అంటారు. అయినప్పటికీ అమెరికా ముస్లిముల చరిత్ర వ్రాసేవారు ఈ పేరును విడిచిపెట్టలేరు. మస్జిదుగా ఉపయోగించడానికే ఆ దేశంలో కట్టిన తొలి భవనాలలో ఒకటి 1929లో ఇక్కడి పొలాల మధ్య వెలసింది. కట్టినవారు ధనికులైన వర్తకులు కారు, పండితులు కారు. గోధుమ పండించుకునే రైతులు.

గత జూలై మొదటి వారంలో మేము ఆ ఊరు చూశాము. అందుకు ఒక కారణం ఉంది. మా చెల్లెలి కుమారుడు మినియాపొలిస్ నగరంలో వైద్యునిగా ఉన్నత శిక్షణ పొందుతున్నాడు. అటువంటి శిక్షణకు ఇచ్చే ఒక రకం వీసాపై వెళ్ళిన వైద్యులు, శిక్షణ ముగిశాక రెండేళ్ళపాటు స్వదేశంలో ఉండి రావాలన్నది అక్కడి నియమం. వైద్యులు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయడానికి ఒప్పుకుంటే దాని నుండి మినహాయింపు దొరుకుతుంది. ఈ ఏర్పాటు 1994లో వచ్చింది. దానిని ప్రతిపాదించిన సెనేటర్ కెంట్ కాన్రాడ్ నార్త్ డకోటావాడే కనుక, అది ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. నేడు ఒక్కొక్క రాష్ట్రానికి ఏటా 30 మంది వరకు ఈ అవకాశం ఉంది.

ఆ ప్రాంతంలోని ఒక చిన్న పట్టణపు ఆసుపత్రి నుండి మా మేనల్లునికి పిలుపు వచ్చింది. అక్కడ మస్జిదు లేదు. మరొక ముస్లిం కుటుంబం ఉన్నట్లు కూడా ఎవరూ చెప్పలేదు. భార్యను, తొమ్మిదేళ్ళ కూతురును, ఐదేళ్ళ కొడుకును తీసుకొని అటువంటి చోటికి వెళ్ళవచ్చునా? ఇదీ అతని ప్రశ్న. “మామూ, ఫోనులో ఎంత మాట్లాడుకున్నా తేలడం లేదు. మీరూ ముమానీ ఎలాగూ ఇక్కడికి వచ్చారు గనుక, ఒకసారి ఆ నేల చూసివద్దాం” అన్నాడు. అలా ఆరుగురం ఒకే కారులో బయలుదేరాము.

సరళరేఖల నేల

మినియాపొలిస్ నుండి మేము వెళ్ళిన దారిలో రాస్ 900 కిలోమీటర్ల పైచిలుకు దూరం. గ్రాండ్ ఫోర్క్స్ అనే పట్టణం దాటాక పడమర దిశగా ఒకటే రహదారి. దానికి తోడుగా రైలు పట్టాలు. ఉత్తర అమెరికా ఖండానికి భౌగోళిక కేంద్రం తమదేనని చెప్పుకునే రగ్బీ అనే ఊరిలో పిల్లల కోసం కాసేపు ఆగి, అక్కడి రాతి స్తంభాన్ని చూశాము. ఆ రాత్రి మైనాట్ పట్టణంలో బస చేశాము. మరునాడు మరొక వంద కిలోమీటర్లు పోతే రాస్.

ఆ నేలను అక్కడివారు ప్రెయిరీ అంటారు. గడ్డి మైదానం అని మన పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాము గాని, కన్నులతో చూసినప్పుడు కలిగే భావం వేరు. కొండ లేదు, అడవి లేదు. ఎటు చూసినా ఆకాశపు అంచు నేలను తాకుతూ ఉంటుంది. ఎల్లవేళలా గాలి వీస్తూనే ఉంటుంది. మేము వెళ్ళిన రోజులలో ఆవ జాతికి చెందిన కనోలా చేలు పసుపు పచ్చగా విరగబూశాయి. అవిసె చేలు లేత నీలి పూలతో దూరానికి చెరువుల వలె కనిపించాయి. మధ్యలో ఇంకా కోతకు రాని డ్యూరమ్ గోధుమ. బఠాణీ, మసూరు పప్పు కూడా ఇక్కడి ముఖ్యమైన పంటలు. అమెరికాలో మసూరు ఎక్కువగా పండేది ఈ రాష్ట్రంలోనూ, పక్కనున్న మోంటానాలోనూ. మన దేశం కెనడా నుండి, అమెరికా నుండి మసూరు దిగుమతి చేసుకుంటుంది. మన ఇళ్ళలో వండే ఖిచిడీలోని పప్పు ఎప్పుడో ఒకనాడు ఈ చేలనుండి వచ్చినదే అయి ఉండవచ్చునని చెప్పగా, మా శ్రీమతి కారు ఆపించి, ఆ మొక్కను దగ్గరగా చూసివచ్చారు.

ఇక్కడి దారులకు వంకరలు లేవు. ప్రభుత్వం ఈ నేలనంతా మైలు పొడవు, మైలు వెడల్పు గల చదరాలుగా కొలిపించింది. ఒక్కొక్క చదరం 640 ఎకరాలు. అందులో నాలుగవ వంతు 160 ఎకరాలు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, కొద్దిపాటి రుసుము చెల్లించి ఆ 160 ఎకరాలలో గుడిసె వేసుకొని, ఐదేళ్ళు అక్కడే నివసిస్తూ సాగు చేసినవారికి ఆ భూమి సొంతమయ్యేది. 1887లో జేమ్స్ హిల్ అనే రైల్వే యజమాని ఒకే వేసవిలో మైనాట్ నుండి పడమరకు వందలాది మైళ్ళ పట్టాలు వేయించాడు. ఆ వెంబడి కొద్ది మైళ్ళకొక స్టేషను, స్టేషనుకొక ఊరు పుట్టుకొచ్చాయి. రైతు గుర్రపుబండిపై ధాన్యం తెచ్చి అమ్ముకొని చీకటి పడేలోగా ఇల్లు చేరగలగాలి. ఆ ఊళ్ళ మధ్య దూరాన్ని నిర్ణయించినది ఈ లెక్కే. రాస్ అలా పుట్టిన ఊరే.

ఒక మాట మరువరాదు. ఈ నేల ఖాళీగా పడిలేదు. మాండాన్, హిదాత్సా, అరికరా అనే జాతులు మిస్సోరి నది ఒడ్డున తరతరాలుగా మొక్కజొన్న, చిక్కుడు పండించుకొని జీవించాయి. వారి భూభాగాన్ని తగ్గించుకుంటూ వచ్చి, చివరకు రాస్‌కు దక్షిణాన ఫోర్ట్ బెర్తోల్డ్ అనే ప్రత్యేక ప్రాంతానికి పరిమితం చేశారు. 1953లో గారిసన్ ఆనకట్ట పూర్తికాగా, నది ఒడ్డున మిగిలిన వారి సారవంతమైన నేల, ఊళ్ళు కూడా నీట మునిగాయి. శ్రీశైలం జలాశయంలో ఊళ్ళు పోగొట్టుకున్నవారికి ఈ బాధను వివరించనక్కరలేదు. ఉచితంగా భూమి పొందినవారి కథ చెప్పేటప్పుడు, ఆ భూమి ఎవరి చేతినుండి జారిందో కూడా చెప్పడం న్యాయం.

బెకా లోయ నుండి వచ్చినవారు

నేటి లెబనాన్ అప్పట్లో ఉస్మానియా సామ్రాజ్యంలోని సిరియా ప్రాంతంలో భాగం. అక్కడి బెకా లోయ వైపు పల్లెల నుండి కొందరు యువకులు పందొమ్మిదవ శతాబ్దం చివర అమెరికా చేరారు. మొదట వారిలో చాలామంది మూట వ్యాపారులు. సూదులు, దారాలు, బట్టలు వీపున మోసుకొని పొలం ఇళ్ళకు వెళ్ళి అమ్మేవారు. అలా తిరుగుతూ ఉచిత భూమి సంగతి తెలుసుకున్నారు. హసన్ జుమా అనే వ్యక్తి 1899లో రాస్ సమీపాన భూమి తీసుకున్నాడని, 1902 నాటికి సుమారు 20 కుటుంబాలు అక్కడ చేరాయని చరిత్రకారులు చెబుతారు. చుట్టుపక్కల అంతా నార్వే దేశం నుండి వచ్చిన లూథరన్ క్రైస్తవులు.

ఆ జీవితం ఎటువంటిదో ఊహించడం మనకు కష్టం. ఏడాది వర్షపాతం 40, 45 సెంటీమీటర్లకు మించదు. అంటే మన అనంతపురం కంటే తక్కువ. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 30 డిగ్రీలకు పడిపోవడం అక్కడ వింత కాదు. వంట చెరకుకు చెట్లు లేవు, దగ్గరి గుట్టలలో తవ్వుకున్న నాసిరకపు బొగ్గే దిక్కు. వజూ చేయాలంటే మంచు కరిగించుకోవాలి. పొరుగు ఇల్లు అరమైలో, మైలో దూరం. అటువంటి చోట ఈ రైతులు రమజాను ఉపవాసాలు పాటించారు, ఒకరి ఇంటిలో మరొకరు కూడి నమాజు చేసుకున్నారు. ఇమాము అని వేరుగా లేడు, పెద్దలలో ఒకరు ముందు నిలిచేవారు.

పౌరసత్వం సంపాదించడం మరొక పరీక్ష. ఆనాటి చట్టం తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే ఆ హక్కు ఇచ్చేది. భూమి పత్రం చేతికి రావాలంటే పౌరసత్వం కావాలి. సిరియా వారు తెల్లవారా, కారా అనే వాదం కోర్టులలో ఏళ్ళ తరబడి నడిచి, 1915లో జార్జ్ డౌ అనే సిరియా క్రైస్తవుని కేసులో వారికి అనుకూలంగా ముగిసింది. కాని 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు ఆ హక్కు లేదని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేవరకు అదే స్థితి. మా మేనల్లుడు నేడు నిలబడిన ద్వారం ఒకప్పుడు మనవారికి మూసి ఉండేది. అతనికి ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మౌనంగా కారు నడిపాడు.

ఊరిలో ఏమున్నాయి?

రాస్‌లో చూడడానికి ఎక్కువ లేదు. కొన్ని వీధులు, వాటి వెంట కొన్ని ఇళ్ళు, ఒక పోస్టాఫీసు, రైలు పట్టాలు. షికాగో నుండి పసిఫిక్ తీరానికి పోయే ఎంపైర్ బిల్డర్ అనే ప్రయాణికుల రైలు ఈ ఊరి మీదుగానే వెళుతుంది గాని ఇక్కడ ఆగదు. అది ఆగేది తూర్పున పదిపన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టాన్లీలో. స్టాన్లీ ఈ కౌంటీకి ముఖ్య పట్టణం. కోర్టు, ఆసుపత్రి, బడి, కిరాణా, పెట్రోలు అన్నిటికీ అక్కడికే వెళ్ళాలి. అక్కడి మందుల దుకాణంలో పాతకాలపు యంత్రంతో ఐస్‌క్రీము కలిపి ఇస్తారు. మందుల చీటీ పట్టుకొని వచ్చిన ముసలివారు, ఐస్‌క్రీము కోసం వచ్చిన పిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ముచ్చటగా ఉంది. మా పిల్లలు ఆ యాత్రలో దేనిని మరచినా దీనిని మరువరు.

పైకి నిద్రపోతున్నట్లు కనిపించే ఈ నేల కింద చమురు ఉంది. బాకెన్ అనే రాతి పొరలలోని చమురును అడ్డంగా తవ్వే పద్ధతితో వెలికితీయడం ఈ శతాబ్దపు తొలి దశకంలో ఊపందుకుంది. 2006లో ఈ కౌంటీలోనే పార్షల్ క్షేత్రం బయటపడింది. 2014లో ఈ రాష్ట్రపు ఉత్పత్తి రోజుకు పది లక్షల పీపాలు దాటింది. గోధుమ చేల మధ్య తలలూపే పంపులు, రాత్రివేళ గ్యాసు మండే మంటలు నేటికీ కనిపిస్తాయి. చమురు ధర పెరిగినప్పుడు మనుషులు వరదలా వస్తారు, పడిపోయినప్పుడు వెళ్ళిపోతారు. ఆసుపత్రులకు వైద్యులు దొరకకపోవడానికి ఈ నిలకడలేమి కూడా ఒక కారణమని మా మేనల్లుడు చెప్పాడు.

పొలాల మధ్య మస్జిదు

మస్జిదు ఊరిలో లేదు. ఊరి వెలుపల, కంకర దారి పక్కన, గడ్డి మైదానంలో ఉంది. మొదట ఒక ఇనుప కమాను కనిపిస్తుంది. దానిపై నెలవంక, నక్షత్రం గుర్తులు. సిరియా అనే మాటను అక్కడివారు అసీరియా అని పలికారో ఏమో, ఖబరస్తాన్ పేరులో ఆ మాటే నిలిచిపోయింది. 2018లో అమెరికా ప్రభుత్వం ఈ ఖబరస్తాన్‌ను జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చింది.

1929 నాటి భవనం ఇప్పుడు లేదు. అది సగం నేలలోకి దిగిన గది. చలికి ఆ పద్ధతి మేలు. మధ్యలో పొయ్యి, నేలపై తివాచీలు. కట్టిన ఏడాదే అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ వెంటనే 1930లలో ఏళ్ళ తరబడి కరవు, ధూళి తుఫానులు. గోధుమ ధర పడిపోయింది. పొలాలు అమ్ముకొని ఎందరో వెళ్ళిపోయారు. మిగిలినవారు మరికొన్ని దశాబ్దాలు నమాజులు చేసుకున్నారు. పిల్లలు పెద్దవారై నగరాలకు వెళ్ళారు, చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలతో వియ్యమందారు. అబ్దుల్లాహ్ ఆల్బర్ట్ కావడం, ముహమ్మద్ మైక్ కావడం అప్పట్లో మామూలు. చివరకు నమాజుకు వచ్చేవారు లేక భవనం శిథిలమైంది. 1970ల చివర దానిని కూల్చివేశారు.

ఇప్పుడున్నది 2005లో ఆ పాత కుటుంబాల వంశీకులు, స్నేహితులు కలిసి పెద్దల జ్ఞాపకార్థం అదే చోట కట్టిన చిన్న మస్జిదు. చదరపు గది, పైన గుమ్మటం, నాలుగు మూలలా నాలుగు చిన్న మీనారులు. మేము వెళ్ళినప్పుడు తలుపుకు తాళం లేదు. లోపల తివాచీ పరచి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. వేసవి గడియారం లెక్కన అక్కడ జుహర్ వేళ అప్పుడే మొదలవుతుంది, మగ్రిబ్ రాత్రి పది గంటలకు గాని రాదు. మన ఇళ్ళలో ఖిబ్లా అంటే పడమర. అక్కడ ఈశాన్యం. భూగోళంపై దారం లాగి చూస్తే మక్కాకు దగ్గరి దారి అటే. ప్రయాణికులం గనుక రెండు రకాతుల ఖస్ర్ నమాజు చేసుకున్నాము. మేము, మా మేనల్లుడు, అతని కొడుకు ముందు, స్త్రీలు వెనుక. ఆరుగురితో ఆ గది నిండినట్లే అనిపించింది. నమాజు తరువాత మా మేనల్లుడు తలవంచుకొని చాలాసేపు దుఆ చేశాడు.

బయట ఖబరస్తాన్‌లో గాలికి గడ్డి వంగిపోతున్నది. కొన్ని రాళ్ళపై ఇంగ్లీషు పేర్లు, కొన్నిటిపై అరబీ అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ దేశపు సైన్యంలో పనిచేసినవారి సమాధులూ ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పాప ఒక రాతి ముందు కూర్చొని, వేలితో అరబీ అక్షరాలు ఒక్కొక్కటే పట్టి చదివింది. ఆమెకు ఖుర్ఆన్ నేర్పుతున్నది హైదరాబాదులో ఉన్న ఒక ఉస్తానీ, వారానికి నాలుగు రోజులు, కంప్యూటరు ద్వారా. పాప చదవడం ముగించి, “నానా, వీళ్ళ పిల్లలు ఎక్కడున్నారు?” అని అడిగింది. ఆ ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పడం మాకు సులభం కాలేదు.

ఎందుకు ఆగిపోయింది?

ఆ రైతులను నిందించడం సులభం. న్యాయం కాదు. 1924లో అమెరికా తెచ్చిన చట్టం సిరియా, లెబనాన్ ప్రాంతం నుండి ఏటా 100 మందిని మాత్రమే రానిచ్చింది. అంటే కొత్త కుటుంబాలు రావు, పెళ్ళి సంబంధాలు రావు, చదువు చెప్పే ఆలిములు రారు. ట్రాక్టర్లు వచ్చి పొలాలు పెద్దవైన కొద్దీ, ఒకప్పుడు పది కుటుంబాలు బతికిన చోట ఒక కుటుంబమే మిగిలింది. ఇది ముస్లిములకు మాత్రమే జరిగినది కాదు. ఆ దారి పొడవునా మూతపడిన చర్చీలు, బడులు మేము ఎన్నో చూశాము.

అయితే ఆ కాలంలోనే, ఆ దేశం నుండే వచ్చినవారు మరో రెండు చోట్ల మస్జిదులు కట్టారు. అయోవా రాష్ట్రంలోని సీడార్ రాపిడ్స్‌లో 1934లో కట్టినది నేటికీ నిలిచి ఉంది. కెనడా ప్రెయిరీలోని ఎడ్మంటన్‌లో అల్ రషీద్ మస్జిదు 1938లో ప్రారంభమైంది. ఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించిన మన దేశీయుడు అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ ఆ ప్రారంభ సభకు హాజరయ్యారు. దాని స్థలం కోసం నగర మేయరు వద్దకు వెళ్ళి, ఊరంతా తిరిగి చందాలు పోగుచేసినవారిలో ముందున్నది హిల్వీ హమ్‌దాన్ అనే గృహిణి. నేడు ఎడ్మంటన్‌లో ఒక బడికి ఆమె పేరు పెట్టారు. ఆ రెండూ పట్టణాలు. పని దొరికేది, మనుషులు వచ్చి చేరేవారు. అంతేకాదు, అక్కడ పిల్లలకు మస్జిదులోనే ఒక చోటు ఉండేది. రాస్‌లో తండ్రులకు మస్జిదు ఉంది, పిల్లలకు మక్తబ్ లేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు అలిఫ్ బే చెబుతున్న మాకు, ఈ తేడా దగ్గరే మనసు ఆగిపోయింది.

కారులో సాగిన చర్చ

తిరుగు ప్రయాణంలో మా మనసులోని మాట చెప్పాము. “నాయనా, మస్జిదు ఉన్న చోటనే ఆ పిల్లలు నిలవలేదు. లేని చోటికి నీ పిల్లలను ఎలా తీసుకుపోతావు?”

అతను వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి అన్నాడు: “మామూ, ఆ ఊరిలో గుండెనొప్పి వచ్చిన ముసలామెను నూటయాభై కిలోమీటర్లు తీసుకుపోవాలి. చలికాలంలో దారి మూసుకుపోతే అదీ లేదు. నేను వెళ్ళకపోతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఒక ప్రాణం కాపాడడం ఎంత పుణ్యమో నాకు చిన్నప్పుడు నేర్పినది మీరే కదా.”

మా కోడలు మరొక భయం చెప్పింది. “ముమానీ, నమాజు ఇంట్లో చేసుకుంటాం. పిల్లలకు ఉస్తానీ కంప్యూటరులో చెబుతుంది. కాని మాలో ఎవరికైనా ఏదైనా జరిగితే గుసుల్ ఇచ్చేవారెవరు? జనాజాకు నిలబడేవారెవరు?” నగరంలో ఉన్నవారికి ఈ ప్రశ్న తట్టదు. ఖబరస్తాన్‌లో నిలబడినవారికి తడుతుంది.

మా శ్రీమతి అంతసేపూ మౌనంగా విని, చివరకు అన్నారు: “ఆ కాలపు తల్లుల దగ్గర ఫోను లేదు, కారు లేదు, హైదరాబాదు ఉస్తానీ లేదు. ఏడాదిలో ఆరు నెలలు మంచు. అయినా ముప్పై ఏళ్ళు నిలబడి, మస్జిదు కట్టుకున్నారు. మీ దగ్గర అన్నీ ఉన్నాయి. కావలసినది ఇంకొక్క కుటుంబం. మొదట దానిని వెతకండి.”

మాకంటే ఆమె మాటే బరువైనదని తరువాత అనేకసార్లు అనిపించింది. ఒక ఇల్లు ఒంటరిగా ఉంటే అలవాట్లు ఇంటి గోడల మధ్య ఉండిపోతాయి. రెండు ఇళ్ళు ఉంటే జమాఅత్ ఉంటుంది, ఈద్ ఉంటుంది, మరో పిల్లవాడు కూడా సలాం చెబుతున్నాడని మన పిల్లవానికి తెలుస్తుంది. కంప్యూటరు అక్షరాలు నేర్పగలదు. భుజానికి భుజం ఆనించి నిలబడడం నేర్పలేదు.

వెళ్ళేవారితో నాలుగు మాటలు

నేడు మన తెలుగు జిల్లాల నుండి వైద్యులుగా, ఇంజనీర్లుగా, నర్సులుగా దూరదేశాల చిన్న ఊళ్ళకు వెళ్ళే పిల్లలు పెరుగుతున్నారు. అమెరికాకే కాదు, కెనడాకు, ఆస్ట్రేలియాకు, గల్ఫ్ ఎడారి పట్టణాలకు వెళుతున్నారు. వారిని ఆపాలని మేము చెప్పము. అల్లాహ్ భూమి విశాలమైనది, జీవనోపాధి కోసం ప్రయాణించడం ప్రవక్తల కాలం నుండి ఉన్నదే. నాటిన పంటను మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా, నాటినవానికి అది దానంగా లెక్కకు వస్తుందని మనం మదరసాలో చదువుకున్నాము. రాస్ రైతుల గోధుమ ఎందరి కడుపు నింపిందో! ఆ లెక్క వారి ప్రభువు దగ్గర ఉంది.

కాని బయలుదేరే ముందు జీతం, ఇల్లు, బడి విచారించినట్లే మరి కొన్ని సంగతులు విచారించాలి. ఆ ఊరి నుండి గంట ప్రయాణంలో మరొక ముస్లిం ఇల్లు ఉన్నదా? నెలకొకసారైనా పిల్లలను తీసుకుపోగల మస్జిదు ఎంత దూరం? పిల్లల ఖుర్ఆన్ చదువుకు ఎవరు, ఏ వేళ, ఎన్ని రోజులు? గుసుల్, జనాజా పద్ధతి ఇంటిలో కనీసం ఇద్దరు పెద్దలు నేర్చుకున్నారా? ఇవి నాలుగు. ఐదవది పొరుగువారు. రాస్‌లో ఆ చిన్న సమాజం దశాబ్దాల పాటు నిలవడానికి చుట్టూ ఉన్న ఇతర మతాల రైతులతో ఇచ్చిపుచ్చుకున్న స్నేహం కూడా ఒక ఆధారం. పొరుగువారికి మేలు చేయడం మన దీన్‌లో ఐచ్ఛికం కాదు, బాధ్యత. అయితే స్నేహం వేరు, తమను తాము మరచిపోవడం వేరు. పిల్లలకు ఈ రెంటి మధ్య గీత చూపించవలసినవారు తల్లిదండ్రులే.

ఇక్కడ స్వగ్రామాలలో ఉన్న మనకూ ఆ చిన్న గదిలో పాఠం ఉంది. మన వీధి మస్జిదుకు పాలరాయి వేయించడానికి చందా అడిగితే ఇచ్చేవారు దొరుకుతారు. మక్తబ్ ఉస్తాదు జీతానికి అడిగితే ముఖం తిప్పుకునేవారే ఎక్కువ. మస్జిదు కట్టడానికి ఒక వేసవి చాలు. దానిలో నిలబడేవారిని తయారు చేయడానికి ఒక తరం పడుతుంది.

మా మేనల్లుడు ఇంకా నిర్ణయించుకోలేదు. ఆ పట్టణానికి యాభై కిలోమీటర్ల దూరంలో మరొక ఆసుపత్రి కూడా వైద్యుని కోసం చూస్తున్నదని తెలిసి, తనతో చదివిన ఒక మిత్రుని కుటుంబంతో ఇప్పుడు మాట్లాడుతున్నాడు. వారిద్దరూ ఒప్పుకుంటే ఆ మైదానంలో రెండు ఇళ్ళు అవుతాయి. హసన్ జుమా ఒక్కడే వచ్చాడు. మూడేళ్ళలో ఇరవై కుటుంబాలు అయ్యాయి.

గోధుమ చేల మధ్య గాలిలో, మంచులో అల్లాహ్ పేరు స్మరించి, అక్కడే మట్టిలో కలిసిన ఆ పురుషులను, స్త్రీలను అల్లాహ్ క్షమించుగాక! ఎక్కడ ఉన్నా మన పిల్లలను నమాజు నిలిపేవారిగా చేయుగాక! ఆమీన్.